పలచని ఆక్సైడ్ ఫిల్మ్ మీద ఐసు పెంచడం ఎలా

లోహపు స్ఫటికం మీద కొన్ని అణుపొరల మందాన ఆక్సైడ్ పెంచి, దాన్ని 100 కెల్విన్ దాకా చల్లబరిచి, పైన కాస్త నీటి ఆవిరి వదిలితే ఐసు తయారవుతుంది. ప్రయోగం అంతే. కష్టమంతా తర్వాత మొదలవుతుంది. మీకు కనిపించిన సిగ్నల్ నిజంగా ఆక్సైడ్ మీది నీటిదా, ఫిల్మ్ చిల్లుల్లోంచి బయటపడిన లోహం మీదిదా, శాంపిల్ హోల్డర్ మీద పేరుకున్నదా, లేక మీరు వాడిన ఎలక్ట్రాన్ బీమే నీటిని విరగ్గొట్టి పుట్టించిన OH ముక్క, అంటే హైడ్రాక్సిల్‌దా అన్నది తేల్చుకోవాలి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఐసు చూడాలన్న ఆత్రంలో ఫిల్మ్ పని హడావిడిగా ముగించేస్తారు. నేనైతే సగానికి పైగా సమయం ఫిల్మ్ మీదా, ఉష్ణోగ్రత కొలత మీదా పెట్టమంటాను. ఆ రెండూ కుదిరితే ఐసు పెద్దగా ఇబ్బంది పెట్టదు.

మీ దగ్గర 10⁻¹⁰ మిల్లీబార్ దాకా దిగే వాక్యూమ్ చాంబర్, ద్రవ నైట్రోజన్‌తో చల్లబడే శాంపిల్ హోల్డర్, మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి గుర్తించేది), ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ పరికరం (ఉపరితలం మీది అణువుల అమరికను చుక్కలుగా చూపేది) ఉన్నాయనీ, వాటిని నడపడం మీకు వచ్చనీ అనుకుని రాస్తున్నాను. ఎక్స్‌రే ఫోటోఎమిషన్ (ఎక్స్‌రే తగిలితే బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తి కొలిచేది), ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటే ఇంకా మంచిది.

అసలు ఫిల్మ్ ఎందుకు, ఆక్సైడ్ స్ఫటికమే తెచ్చుకోవచ్చు కదా అంటారా? మెగ్నీషియం ఆక్సైడ్ లాంటివి పక్కా ఇన్సులేటర్లు. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలడానికి దాటాల్సిన శక్తి అంతరం) 7.8 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఎలక్ట్రాన్లతో చేసే ఏ కొలతకైనా చార్జ్ పేరుకుని స్పెక్ట్రం పక్కకు జరిగిపోతుంది, సన్నని సూదికీ ఉపరితలానికీ మధ్య పారే కరెంట్‌తో అణువులను చూసే టన్నెలింగ్ మైక్రోస్కోప్ అయితే పనే చేయదు. ఫిల్మ్ పలచగా ఉంటే ఎలక్ట్రాన్లు కింది లోహంలోకి టన్నెల్ అయి వెళ్లిపోతాయి. లోహం వెనక ఉంటుంది కాబట్టి వేడి చేయడం, చల్లబరచడం కూడా చకచకా అవుతాయి.

ముందు ఫిల్మ్ ఏదో తేల్చుకోండి

మొదటిసారి అయితే వెండి (100) ముఖం మీద మెగ్నీషియం ఆక్సైడ్ తీసుకోండి. (100), (111) అన్నవి స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో చెప్పే అంకెలు. వెండి జాలక దూరం (స్ఫటికంలో నమూనా రిపీటయ్యే దూరం) 4.09 ఆంగ్‌స్ట్రామ్‌లు, మెగ్నీషియం ఆక్సైడ్‌ది 4.21. తేడా 3 శాతమే కాబట్టి పొరలు పెద్దగా పేచీ పెట్టకుండా పేరుకుంటాయి. దీనివల్ల ఇంకో సుఖం ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఖాళీ వెండి మీద నీరు గట్టిగా పట్టుకోదు, 150 కెల్విన్ చుట్టుపక్కల మామూలు ఐసుతో పాటే ఎగిరిపోతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ మీది మొదటి పొర మాత్రం 240 దాకా ఉంటుంది. కాబట్టి ఫిల్మ్‌లో కొన్ని చిల్లులున్నా వాటి మీది నీరు మీ మొదటి పొర సిగ్నల్‌లో కలవదు. ఇదే ఫిల్మ్‌ను మాలిబ్డినం (100) మీద పెంచితే బాగా వేడిచేసి చదును చేసుకోవచ్చు, వెండి అంత వేడికి ఆగదు. కానీ ఒక్కసారి చిల్లు పడిందంటే ఖాళీ మాలిబ్డినం నీటిని విరగ్గొట్టేస్తుంది, ఆ హైడ్రోజన్ ఎక్కడిదో తేల్చడానికి తల పట్టుకోవాలి.

రెండో మంచి ఎంపిక ప్లాటినం (111) మీద ఒకే పొర ఐరన్ ఆక్సైడ్. ఒక పొర ఇనుము వేసి, సుమారు 10⁻⁶ మిల్లీబార్ ఆక్సిజన్‌లో 1000 కెల్విన్ దగ్గర కాలిస్తే ఒక వరస ఇనుము, దాని పైన ఒక వరస ఆక్సిజన్ ఉన్న పలక వస్తుంది. ముఖం మీద దీని అణువుల మధ్య దూరం 3.1 ఆంగ్‌స్ట్రామ్‌లు, ప్లాటినానిది 2.77. ఈ తేడా వల్ల సుమారు 25 ఆంగ్‌స్ట్రామ్‌లకోసారి రిపీటయ్యే మోయిరే నమూనా (రెండు జాలకాలు ఒకదాని మీద ఒకటి పడి పుట్టే పెద్ద నమూనా) ఏర్పడుతుంది, డిఫ్రాక్షన్‌లో ప్రతి చుక్క చుట్టూ చిన్న చుక్కల గుత్తిగా కనిపిస్తుంది. నీరు దీని మీద విరగదు, అణువుగానే బలహీనంగా కూర్చుంటుంది. అయితే అదే ఇనుమును ఇంకా వేస్తూ ఆక్సీకరిస్తూ పోతే ఫిల్మ్ మరో ఐరన్ ఆక్సైడ్ అయిన మ్యాగ్నటైట్‌గా మారుతుంది, మ్యాగ్నటైట్ (111) ముఖం మీద నీరు విరుగుతుంది. మందం పెరిగినప్పుడు ఆక్సైడే మారిపోవచ్చని గుర్తుపెట్టుకోండి.

మందం ఎంత ఉండాలన్నది మీ ప్రశ్నను బట్టి. మెగ్నీషియం ఆక్సైడ్ ఒక్కో పొర మందం 2.1 ఆంగ్‌స్ట్రామ్‌లు. వెండి మీద మూడు పొరలకే 6 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా గ్యాప్ తెరుచుకుంటుంది కానీ, రెండు మూడు పొరల ఫిల్మ్ కింది లోహంతో ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది. వర్క్ ఫంక్షన్ (ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావాల్సిన శక్తి) సుమారు ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ పడిపోతుంది, దాంతో పైన కూర్చున్న అణువుల ప్రవర్తన కూడా మారొచ్చు. ఒక్కో నీటి అణువును టన్నెలింగ్ మైక్రోస్కోప్‌తో గిల్లి విడగొట్టిన ప్రయోగం ఇలాంటి ఫిల్మ్ మీదే 2010లో జపాన్‌లో మకి కవాయి, యూసూ కిమ్ బృందం చేసింది. మీకు బల్క్ (మందపాటి) ఆక్సైడ్ లాంటి ప్రవర్తన కావాలంటే పది పొరలకు తగ్గొద్దు.

ఫిల్మ్ పెంచండి, తర్వాత దాన్ని అనుమానించండి

వెండి స్ఫటికాన్ని ఆర్గాన్ అయాన్లతో కొట్టి, 700 కెల్విన్ దగ్గర కాల్చి, మళ్లీ కొట్టి, మళ్లీ కాల్చి, కార్బన్, సల్ఫర్ జాడలు పోయేదాకా ఇదే చేయండి. ఇక్కడ బద్ధకిస్తే ఆ మురికి ఫిల్మ్ కిందే ఉండిపోతుంది, తర్వాత తీయలేరు. శుభ్రమయ్యాక శాంపిల్‌ను 500 కెల్విన్ పైన ఉంచి, 10⁻⁶ మిల్లీబార్ ఆక్సిజన్‌లో మెగ్నీషియం ఆవిరిని నిమిషానికి ఒక పొర, వీలైతే ఇంకా నెమ్మదిగా వేయండి. మెగ్నీషియం తక్కువ వేడికే బాగా ఆవిరవుతుంది, కాబట్టి ఆవిరి పోసే కుండీని కొద్దికొద్దిగా వేడిచేస్తూ, క్వార్ట్జ్ మైక్రోబాలెన్స్‌లో రేటు నిలకడగా వచ్చాకే షట్టర్ తెరవండి. ముందు ఆక్సిజన్ వదిలి, తర్వాత షట్టర్ తెరవాలి; ముగించేటప్పుడు ముందు షట్టర్ మూసి, తర్వాత ఆక్సిజన్ ఆపాలి. ఈ వరస తప్పితే ఆక్సీకరించని మెగ్నీషియం మిగిలిపోతుంది, నీరు తగిలిందంటే దాంతో చర్య జరిపి మీ లెక్కలన్నీ పాడుచేస్తుంది.

ఇక అనుమానం సంగతి. డిఫ్రాక్షన్ చుక్కలు పదునుగా ఉన్నాయి కదా అని సంబరపడకండి, ఫిల్మ్‌లో పది శాతం చిల్లులున్నా చుక్కలు చక్కగానే కనిపిస్తాయి. చిల్లులను విడిగా కొలవాలి. ప్లాటినం మీది ఐరన్ ఆక్సైడ్‌కు ఇది చాలా తేలిక. గది ఉష్ణోగ్రత దగ్గర కార్బన్ మోనాక్సైడ్ వదలండి, ఆక్సైడ్ దాన్ని పట్టుకోదు, ఖాళీ ప్లాటినం గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత వేడిచేస్తే 400 నుంచి 500 కెల్విన్ మధ్య వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఎంతో, చిల్లులు అంత. శుభ్రమైన ప్లాటినం నుంచి వచ్చేదాంతో పోలిస్తే శాతం నేరుగా తెలుస్తుంది. వెండికి ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే గది ఉష్ణోగ్రత దగ్గర వెండి కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకోదు. అక్కడ మందం పెంచుతూ వెండి ఫోటోఎమిషన్ సిగ్నల్ ఎలా తగ్గుతోందో చూడండి. ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గుతూ పోతే బాగానే కప్పుతోందన్నమాట, మొండిగా ఒక స్థాయి దగ్గర ఆగిపోతే దీవులు కట్టిందన్నమాట.

థర్మోకపుల్‌ను నమ్మే ముందు

థర్మోకపుల్ అంటే ఉష్ణోగ్రత కొలిచే తీగల జత. ఈ పనిలో ఐదు కెల్విన్‌ల తప్పు అంటే చిన్నది కాదు. ఐసు ఆవిరి పీడనం ఎంత నిటారుగా పెరుగుతుందో లెక్క చూడండి. వాక్యూమ్‌లో 130 కెల్విన్ దగ్గర ఒక ద్విపొర ఐసు (ఐసులో జంటగా ఉండే రెండు వరసలు) పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. 140 దగ్గర పది నిమిషాల పైచిలుకు. 150 దగ్గర అర నిమిషం చాలు. 160 దగ్గర మూడు సెకన్లే. ‘140 దగ్గర ఆనీల్ చేశాను (వేడిచేసి సర్దుకోనిచ్చాను)’ అని నోట్‌బుక్‌లో రాసుకుని నిజానికి 148 దగ్గర చేస్తే, శాంపిల్ మీద ఐసు మిగిలి ఉండదు.

థర్మోకపుల్‌ను హోల్డర్‌కు కాదు, స్ఫటికానికే వెల్డ్ చేయండి లేదా స్ఫటికం అంచులో చిన్న రంధ్రం పెట్టించి అందులో దూర్చండి. క్రోమెల్, అల్యుమెల్ తీగల జత అతి చల్లదనంలో ఒక్కో కెల్విన్‌కు ఇచ్చే వోల్టేజ్ తగ్గిపోతుంది, కాబట్టి రిఫరెన్స్ జంక్షన్‌లో చిన్న తప్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. సరిచూసుకోవడానికి ఐసునే వాడుకోవచ్చు. మందంగా, అంటే ముప్పై నలభై పొరల స్ఫటిక ఐసు పెంచి, ఒక స్థిర ఉష్ణోగ్రత దగ్గర నిలబెట్టి, అది మొత్తం ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో కొలవండి. పైన చెప్పిన వేగాలతో పోలిస్తే మీ రీడింగ్ ఎంత తప్పుతోందో బయటపడుతుంది. నాకు తెలిసి ఇంతకంటే చవకైన కాలిబ్రేషన్ లేదు.

నీటిని శుభ్రం చేయండి

ఎంత డీఅయోనైజ్ చేసినా నీటిలో గాలి కరిగి ఉంటుంది. లీక్ వాల్వ్ వెనక గాజు గొట్టంలో కొద్దిగా నీరు పోసి, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, పైన ఉన్న గాలిని పంప్ చేసి, వాల్వ్ మూసి కరగనివ్వండి, బుడగలు పైకొస్తాయి. బుడగలు రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయండి, మామూలుగా నాలుగైదు సార్లు పడుతుంది. గొట్టం నిండా నీళ్లు పోయకండి, గడ్డకట్టేటప్పుడు వ్యాకోచించి గాజు పగులుతుంది. కంటి అద్దాలు తప్పనిసరి. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తే నీటి మాస్ 18, దాని ముక్క 17 కనిపించాలి. 28, 32, 44 (నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్) దగ్గర నేపథ్యానికి మించి ఏమీ ఉండకూడదు.

భారజలం (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు, మాస్ 20) వాడితే ఇంకో తలనొప్పి ఉంది. చాంబర్ గోడలకు అంటుకుని ఉన్న మామూలు నీటితో హైడ్రోజన్, డ్యుటీరియం చేతులు మారతాయి, మీరు 20 పంపితే 19 వస్తుంది. ముందుగా చాంబర్‌లోకి కాసేపు భారజలపు ఆవిరి వదిలి గోడలను అలవాటు చేయండి, 19కీ 20కీ నిష్పత్తి స్థిరపడ్డాకే కొలత మొదలుపెట్టండి.

ఎంత వదలాలి, ఎలా వదలాలి

లాంగ్మ్యూర్ అంటే 10⁻⁶ టార్ (మిల్లీబార్ లాంటి మరో పీడన కొలత) పీడనం ఒక సెకను. ఒక లాంగ్మ్యూర్ అంటే ఒక పొర అని అందరూ నోటిలెక్కగా అనేస్తుంటారు, నీటి విషయంలో ఇది తప్పు. గది ఉష్ణోగ్రత ఆవిరికి ఒక లాంగ్మ్యూర్‌లో చదరపు సెంటీమీటర్‌కు తగిలేవి సుమారు 4.8×10¹⁴ అణువులు. మెగ్నీషియం ఆక్సైడ్ (100) మీద మెగ్నీషియం స్థానాలు 1.13×10¹⁵. అంటే తగిలిన ప్రతి అణువూ అతుక్కున్నా, స్థానానికొక అణువు చొప్పున నింపడానికి రెండుంపావు లాంగ్మ్యూర్‌లకు పైనే కావాలి. పైగా పీడనం కొలిచే అయాన్ గేజ్ నైట్రోజన్‌కు కాలిబ్రేట్ అయి ఉంటుంది, శాంపిల్ దగ్గరి పీడనమూ గేజ్ దగ్గరి పీడనమూ ఒకటే కావు. కాబట్టి లాంగ్మ్యూర్ అంకెను మీ చాంబర్‌కు మాత్రమే పనికొచ్చే గుర్తుగా చూడండి, అసలు పొర లెక్క డిసార్ప్షన్ (వేడికి అణువులు ఉపరితలం వదిలిపోవడం) నుంచి తీసుకోవాలి. ఆ సంగతి కింద చెప్తాను.

చాంబర్ మొత్తం నీటి ఆవిరితో నింపితే హోల్డర్ మీద, వేడిచేసే తీగల మీద కూడా ఐసు కడుతుంది, వేడిచేసేటప్పుడు అవన్నీ తలోసారి ఎగిరి మీ డిసార్ప్షన్ గ్రాఫు శిఖరం పక్కన దొంగ భుజాలు పుట్టిస్తాయి. శాంపిల్‌కు ఎదురుగా సన్నని గొట్టం తెచ్చి దాని ద్వారా వదలండి. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు కూడా ముందు చిన్న రంధ్రమున్న మూత తగిలించి, శాంపిల్‌ను దానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరకు తెస్తే ముఖం నుంచి వచ్చేదే లోపలికి పోతుంది. ఇది పాత చిట్కానే, ఫోయిల్నర్, మెంజెల్ 1980లో వివరించారు, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. మూత పెట్టినప్పుడు శాంపిల్‌కు మైనస్ వంద వోల్ట్‌ల దాకా బయాస్ ఇవ్వడం మర్చిపోకండి, లేకపోతే స్పెక్ట్రోమీటర్ ఫిలమెంట్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు ఐసును కాల్చేస్తాయి.

చల్లటి శాంపిల్‌ను పక్కన పెట్టి వేరే పనులకు వెళ్లకండి. చాంబర్‌లో నీటి పీడనం 10⁻¹⁰ టార్ ఉంటే సుమారు రెండు గంటల నలభై ఏడు నిమిషాలకు ఒక లాంగ్మ్యూర్ దానంతట అదే పడుతుంది. డోస్‌కు ముందు ప్రతిసారీ శాంపిల్‌ను ఒకసారి వేడిచేసి, చల్లారగానే పని మొదలుపెట్టండి.

ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ ఐసు

100 కెల్విన్ దగ్గర, అంతకంటే కింద వదిలిన నీరు పడిన చోటే ఆగిపోతుంది, క్రమం లేని ఐసు వస్తుంది. అందులోనూ రెండు రకాలు. అణువులు నిటారుగా తగిలితే గట్టి ఐసు, ఏటవాలుగా లేదా అన్ని వైపుల నుంచీ తగిలితే సందులున్న ఐసు. ఈ సందులున్న ఐసు ఇతర వాయువులను మింగేస్తుంది, దాని ఉపరితల వైశాల్యం లెక్కకు అందదు, కాబట్టి అది మీకు కావాల్సిందే అయితే తప్ప దూరంగా ఉండండి. స్ఫటిక ఐసు కావాలంటే 140 చుట్టుపక్కల నెమ్మదిగా వదలండి, పోయేదానికంటే వచ్చేది ఎక్కువ ఉండేలా పీడనం చూసుకోండి. లేదా చల్లగా వదిలి, తర్వాత మెల్లగా 140, 145 మధ్యకు తీసుకెళ్లి ఆపండి.

మొదటి పొర ఒక్కటే కావాలంటే కథ వేరు, నా దృష్టిలో మెగ్నీషియం ఆక్సైడ్ మీద ఆసక్తికరమైన భాగం ఇదే. ఐసు షడ్భుజి జాలక దూరం 4.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, మెగ్నీషియం ఆక్సైడ్ ముఖం 2.98 ఆంగ్‌స్ట్రామ్‌ల చదరపు గళ్లు. రెండూ ఏ రకంగానూ సరిపోవు. నీరు అక్కడ ఐసులా ఉండాలని పట్టుబట్టకుండా కొత్త అమరికలు కట్టుకుంటుంది. వాటి పేర్లలోని అంకెలు నమూనా ఎన్ని గళ్లకోసారి రిపీటవుతుందో చెప్తాయి. సుమారు 185 కెల్విన్‌కు కింద సి(4×2), దానికి పైన 235 దాకా పి(3×2). మొదటిదాంట్లో ఎనిమిది స్థానాలకు పది అణువులు, రెండోదాంట్లో ఆరు స్థానాలకు ఆరు అణువులు. రెండిటిలోనూ రెండేసి అణువులు విరిగి హైడ్రాక్సిల్‌గా ఉంటాయని యోఆఖిమ్ జావర్ బృందం లెక్కలు 2011లో చూపించాయి, వెండి మీది ఫిల్మ్‌లపై తీసిన ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రాలతో అవి సరిపోయాయి.

చేసే పద్ధతి తేలిక. పి(3×2) కావాలంటే శాంపిల్‌ను 200 దగ్గర ఉంచి మిగులుగా నీరు వదలండి, ఆ ఉష్ణోగ్రత దగ్గర మొదటి పొర నిండాక మిగతాది నిలవదు కాబట్టి ఎక్కువైపోతుందన్న టెన్షన్ లేదు. సి(4×2) కావాలంటే 100 దగ్గర నాలుగైదు లాంగ్మ్యూర్‌లు వదిలి, 170 దాకా తీసుకెళ్లి, పైనున్న ఐసు పోయాక ఆపి చల్లబరచండి. పోతున్నది మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూస్తూ ఉంటే ఎక్కడ ఆపాలో మీకే తెలుస్తుంది.

వేడిచేస్తూ చూడండి, కానీ గ్రాఫ్‌ను తొందరపడి చదవకండి

సెకనుకు ఒక కెల్విన్ చొప్పున వేడిచేస్తూ మాస్ 18ని నమోదు చేయండి. డోస్ 0.2 లాంగ్మ్యూర్ నుంచి మొదలుపెట్టి పది దాకా పెంచుతూ గ్రాఫులన్నీ ఒకదాని మీద ఒకటి గీయండి. మెగ్నీషియం ఆక్సైడ్ అయితే ముందు 240 దగ్గర ఒక శిఖరం పెరుగుతుంది, అది నిండాక, సి(4×2) నుంచి పి(3×2)కి మారేటప్పుడు రాలిపోయే అదనపు అణువుల శిఖరం దానికంటే కింద కనిపిస్తుంది, ఆఖరున 155, 160 మధ్య ఐసు శిఖరం లేస్తుంది. 240 శిఖరం ఇక పెరగడం మానేసిన డోసే మీ చాంబర్‌లో స్థానానికొక అణువు అన్నదానికి గుర్తు. ఆ శిఖరం వైశాల్యాన్ని ఒకటిగా తీసుకుని మిగతావన్నీ దాంతో భాగించండి. ఇందాక చెప్పిన అసలు పొర లెక్క ఇదే.

ఐసు శిఖరాన్ని గుర్తుపట్టడానికి చివర ఎక్కడుందో కాదు, మొదలు ఎలా ఉందో చూడండి. డోస్ ఎంతైనా అన్ని గ్రాఫుల పాదాలూ ఒకే గీత మీద ఎక్కుతుంటే, శిఖరం మాత్రం డోస్‌తో పైకి జరుగుతూ చివర నిటారుగా పడిపోతుంటే, అది సున్నా ఆర్డర్ డిసార్ప్షన్ (వేగం మిగిలిన నీటి మొత్తాన్ని బట్టి మారనిది), అంటే ఐసు. పాదాలు కలవకపోతే ముందు అనుమానించాల్సినవి రెండు: ఉష్ణోగ్రత కొలత ఒక్కోసారి ఒక్కోలా ఉంది, లేదా శాంపిల్ మొత్తం ఒకే వేడిలో లేదు. క్రమం లేని ఐసును మందంగా పెంచితే, ఎక్కే గీత మధ్యలో చిన్న బుడిపె వస్తుంది. క్రమం లేని ఐసు స్ఫటిక ఐసు కంటే వేగంగా ఆవిరవుతుంది, వేడిచేసే దారిలో అది స్ఫటికమయ్యేసరికి వేగం ఒక్కసారి తగ్గుతుంది, ఆ తగ్గుదలే బుడిపె. దాన్ని కొత్త అధిశోషణ స్థానం (అణువు అతుక్కునే చోటు) అనుకుని పేపర్ రాయడానికి కూర్చోకండి.

బంధన శక్తి లెక్కకు చాలామంది, శిఖరం ఉష్ణోగ్రత నుంచి శక్తిని తీసే 1962 నాటి రెడ్‌హెడ్ సూత్రంలో ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టర్ (అణువు సెకనుకు ఎన్నిసార్లు విడిపోవడానికి ప్రయత్నిస్తుందో చెప్పే అంకె) 10¹³ అని పెట్టేసి ఒక అంకె తీసేస్తారు. 240 కెల్విన్ శిఖరానికి, సెకనుకు ఒక కెల్విన్ వేగంతో, మోల్‌కు 63 కిలోజౌల్స్ వస్తుంది. అదే 10¹⁵ పెడితే 73 వస్తుంది. పది కిలోజౌల్స్ తేడా మీరు ఊహించి పెట్టిన ఒక్క అంకె నుంచే వచ్చింది, నీటికి 10¹³ కంటే 10¹⁵కు దగ్గరగా ఉండేదే నిజానికి చేరువ. పైగా ఆ సూత్రం ఒకదాంతో ఒకటి సంబంధం లేని అణువుల కోసం రాసింది, నీటి అణువులేమో హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. గ్రాఫు ఎక్కే భాగం నుంచి నేరుగా శక్తి తీయడం మేలు.

విరిగిందా, విరగలేదా

మాస్ 18 శిఖరం దీనికి జవాబు చెప్పదు. విరిగిన ముక్కలు వేడికి మళ్లీ కలిసి నీరుగానే బయటికొస్తాయి. ఫోటోఎమిషన్‌లో ఆక్సిజన్ 1ఎస్ (ఆక్సిజన్ లోపలి ఎలక్ట్రాన్ల) సిగ్నల్ చూస్తే ఆక్సైడ్ 530 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల చుట్టుపక్కల, హైడ్రాక్సిల్ ఒకటిన్నర రెండు పైన, అణువుగా ఉన్న నీరు 533 దాటాక కనిపిస్తాయి. ఇన్‌ఫ్రారెడ్‌లో భారజలం వాడితే బంధాల్లో చిక్కుకున్న డ్యుటీరియం సెంటీమీటర్‌కు 2200, 2600 తరంగాల మధ్య వెడల్పాటి గుట్టగా, ఏ బంధంలోనూ లేనిది 2700 దాటాక సన్నని గీతగా వస్తుంది. లోహం మీది ఫిల్మ్ కాబట్టి ముఖానికి నిలువుగా కదిలే బంధాలే కనిపిస్తాయి, ముఖం మీద పడుకున్నవి కనిపించవు. గీత లేదు కాబట్టి హైడ్రాక్సిల్ లేదు అని రాయకూడదు.

ఇక మీ పరికరమే నీటిని విరగ్గొడుతోందేమో చూసుకోండి. మామూలు డిఫ్రాక్షన్ గన్ మైక్రోఆంపియర్ కరెంట్‌తో నీటి పొరను నిమిషాల్లో పాడుచేస్తుంది. బలహీనమైన సిగ్నల్‌ను పెంచే మైక్రోచానల్ ప్లేట్ ఉన్న పరికరంతో నానోఆంపియర్లకు దిగండి, లేదంటే చుక్కలు చూసే చోటు మారుస్తూ ఉండండి. ఎక్స్‌రే కింద కూడా ఇదే బెడద, అక్కడ నష్టం చేసేవి ముఖ్యంగా బయటికొచ్చే ఎలక్ట్రాన్లు. పరీక్ష సులువు: ఒకే రకం పొర రెండుసార్లు తయారుచేసి, ఒకసారి కొలతకు గురిచేసి, ఒకసారి చేయకుండా, రెండిటినీ వేడిచేసి పోల్చండి. తేడా ఉంటే మీ స్పెక్ట్రంలో ఉన్న హైడ్రాక్సిల్‌లో కొంత మీ బీమ్ పుణ్యమే.

ఐసు పరుచుకుందా, గుట్టలు కట్టిందా

నీళ్లు వదిలాం కాబట్టి ఫిల్మ్ అంతా కప్పి ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. 2005లో గ్రెగ్ కిమ్మెల్, బ్రూస్ కే, వాళ్ల సహచరులు ప్లాటినం (111) మీద చూపించింది ఇదే: మొదటి నీటి పొర ప్లాటినాన్ని చక్కగా కప్పుతుంది, కానీ ఆ పొరలోని అణువులకు పైకి చాచే చెయ్యి మిగలదు, కాబట్టి దాని మీద స్ఫటిక ఐసు పరుచుకోకుండా గుట్టలు కడుతుంది. నీటి పొరకే నీరంటే పడలేదన్నమాట. ఆక్సైడ్ ఫిల్మ్ మీద కూడా ఈ ప్రశ్న ప్రతిసారీ అడగాలి. హీలియంతో చల్లబరిచే సదుపాయం ఉంటే ఐసు మీద క్రిప్టాన్ వదిలి మళ్లీ ఎగరనివ్వండి, ఐసు మీద కూర్చున్న క్రిప్టాన్, మొదటి పొర మీద కూర్చున్న క్రిప్టాన్ వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పోతాయి. ద్రవ నైట్రోజన్ మాత్రమే ఉంటే ఫోటోఎమిషన్‌లో మెగ్నీషియం సిగ్నల్ చూడండి. 100 దగ్గర పది పొరలు వేశాక బాగా తగ్గిన సిగ్నల్, 145కు తీసుకెళ్లి చల్లబరిచాక మళ్లీ పెరిగిందనుకోండి. ఐసు ఎగిరిపోయి ఉండొచ్చు, లేదా గుట్టలు కట్టి మధ్యలో ఖాళీ వదిలి ఉండొచ్చు. వెంటనే వేడిచేసి మొత్తం నీరెంతో కొలవండి. నీరు తగ్గకుండా సిగ్నల్ పెరిగితే గుట్టలే.

టన్నెలింగ్ మైక్రోస్కోప్ ఉన్నవాళ్లకు ఒక్కమాట: కరెంట్ కొన్ని పికోఆంపియర్ల దగ్గరే ఉంచండి, వోల్టేజ్ పెంచితే సూదే అణువులను నెట్టేస్తుంది, విరగ్గొడుతుంది.

అదే ఫిల్మ్ మళ్లీ వాడేముందు

300 కెల్విన్‌కు తీసుకెళ్తే నీరంతా పోయినట్టే కనిపిస్తుంది. కానీ మెట్ల అంచుల దగ్గర, లోపాల దగ్గర హైడ్రాక్సిల్ ఉండిపోతుంది, దాన్ని వదిలించాలంటే ఇంకా వేడి కావాలి. ప్లాటినం, మాలిబ్డినం మీద ఫిల్మ్ అయితే వేడిచేయడానికి ధైర్యం చేయొచ్చు, కొద్దిగా ఆక్సిజన్ ఉంచి చేస్తే ఇంకా మంచిది. వెండి మీద అయితే ఫిల్మ్ పెంచిన ఉష్ణోగ్రతకు బాగా పైకి పోకండి. ప్రతి రోజూ మొదట ఒకే డోస్, ఒకే వేగంతో ఒక కొలత చేసి కిందటి రోజు దాని మీద పెట్టి చూడండి. 240 శిఖరం కుడివైపు తోక పొడవవుతూ, శిఖరం ఎత్తు తగ్గుతూ ఉంటే ఫిల్మ్ గరుకెక్కుతోంది. అప్పుడు దాన్ని అయాన్లతో కొట్టి తీసేసి కొత్తది పెంచడమే మంచిది.